పదో పాఠానికి ఇద్దరు కెప్టెన్లు

పిల్లల కోసం నిజమైన మనుషుల గురించి రాయాలనుకునే కుర్ర టీచర్లు ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఎలా రాయాలో చెప్పమన్నారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నా చేయి పడిన పుస్తకం ఒక్కటే. అందులో ఒక పాఠాన్ని మొదటిసారి తప్పు రాశాను. రెండోసారీ తప్పే రాశాను. మూడోసారి మాత్రం ఆ పాఠంలోని మనుషులే చెబుతుంటే రాసుకున్నాను. నాకు తెలిసిన విద్య అంతే. అదెలా జరిగిందో చెబుతాను, పనికొస్తే వాడుకోండి.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఖమ్మం పక్కనే ఒక హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఆటల్లో ముందుగా దారి వేసిన ఆడవాళ్ల గురించి పిల్లలకు చిన్న పుస్తకం తయారు చేయాలని పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. అడవి అంచు బడుల్లోని లైబ్రరీలకు పంపుతారట. కమిటీలో ముగ్గురం. ఆటలు నేర్పే పీఈటీ మేడం, కల్లూరు నుంచి వచ్చే డ్రాయింగ్ మాస్టారు, నేను. ఆమెకు ఆటలు తెలుసు, ఆయనకు బొమ్మలు తెలుసు. మరి నన్నెందుకు వేశారని ఆఫీసరు గారినే అడిగాను.

"అక్షర దోషాలు చూసేటందుకు ఒకరు ఉండాలె గద మాస్టారూ" అన్నారాయన.

అక్షర దోషాలు చూడ్డానికి పోయినవాణ్ణి రచయితనై కూర్చున్నాను. పీఈటీ మేడానికి రాయడం విసుగు. "నేను చెప్త, మీరు రాయుండ్రి సార్" అనేది. పది పాఠాలు, పాఠానికి నాలుగు పేజీలు అనుకున్నాం. తొమ్మిది పాఠాలు దేశమంతా తెలిసినవాళ్లవి. పుస్తకాలు చూసి, మేడం చెప్పింది విని రాసేశాను. పదో పాఠం మాత్రం మన దగ్గరి మనిషిదే కావాలని ఆఫీసరు పట్టుబట్టారు.

మేడం ఎక్కడో పాత కాగితాల్లో ఒక పేరు పట్టుకొచ్చింది. నలభై ఏళ్ల కిందట మన జిల్లా నుంచి రాష్ట్ర పోటీలకు వెళ్లిన మొట్టమొదటి ఆడపిల్లల కబడ్డీ జట్టు కెప్టెన్. భద్రాచలం అవతల అడవి పల్లెలో పుట్టిన కోయ పిల్ల. తర్వాత నర్సు ఉద్యోగం చేసి రిటైరై సొంతూళ్లోనే ఉంటోంది. ఊరంతా ఆమెను నర్సమ్మ అనే పిలుస్తారట.

నాకు అంత చాలు. ఒక ఆదివారం కూర్చుని నాలుగు పేజీలూ నింపేశాను. చిన్నప్పుడు జింకల వెంట పరుగెత్తి కాళ్లకు బలం తెచ్చుకుందని రాశాను. గోదావరిలో మునిగి ఊపిరి బిగబట్టడం నేర్చుకుందని రాశాను. కబడ్డీలో కూతకు ఊపిరే ప్రాణం కదా, అది బాగా అతికిందనుకున్నాను. ఫైనల్లో ఆఖరి కూతకు వెళ్లి ముగ్గురిని ముట్టుకుని గెలిపించిందని ముగించాను. ఆఫీసరు మీటింగులో దాన్ని పైకి చదివారు. చప్పట్లు కొట్టారు. పీఈటీ మేడం మాత్రం కొట్టలేదు.

"జింకల ఎంట ఉరికిందని మీకెవరు చెప్పిండ్రు సార్?"

"ఎవరూ చెప్పలేదు మేడం. పిల్లలకు బాగుంటుందని."

"ఆమె బతికే ఉన్నది గద. పోయి సదివి ఇనిపియ్యుండ్రి. సంతకం పెడితెనే అచ్చుకు పంపుదాం."

ఎండలు ముదురుతున్న రోజుల్లో నేను, డ్రాయింగ్ మాస్టారు పొద్దున్నే బస్సెక్కాం. భద్రాచలంలో దిగి ఆటో మాట్లాడుకుని ఆ ఊరు చేరేసరికి పదకొండైంది. నర్సమ్మ వాకిట్లో నీడన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సన్నటి మనిషి, తెల్లజుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. కోడలితో కోయ భాషలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి మాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎందుకొచ్చామో చెప్పి, గొంతు సవరించుకుని నా పాఠం చదివాను. భావం పెట్టి చదివానని వేరే చెప్పక్కర్లేదు.

ఆమె చివరిదాకా అడ్డు రాకుండా విన్నది.

"సార్, జింకను నేను మా ఊళ్లె ఎన్నడు చూడలే. నౌకరీల చేరినంక పట్నంల జూ కాడ చూసిన" అన్నది.

డ్రాయింగ్ మాస్టారు దగ్గు వచ్చినట్టు తల తిప్పుకున్నాడు. అప్పటికే ఆయన రెండు జింకల బొమ్మలు వేసి ఉన్నాడు.

"మరి గోదావరిలో..."

"గోదాట్ల దిగితె మా అవ్వ కాళ్లిరగ్గొట్టేది. కూత హాస్టల్ల నేర్చిన. మా వార్డెన్ మేడం గోడ గడియారం ముంగట నిలబెట్టేది. ముల్లు సూసుకుంట కూత పెట్టాలె. ఊపిరి ఆగితె మళ్ల మొదటికెల్లి."

"ఫైనల్ సంగతి చెప్పండమ్మా."

"ఫైనల్ దాక యాడ పోయినం? సెమీఫైనల్ల ఓడినం. ఆఖరి కూతకు నేనే పోయిన. నడుమ నా కూత తెగింది. ఒక్క పాయింటుతోటి ఓడినం."

నా కాగితాల్లో మిగిలిందల్లా ఆమె పేరు, ఊరు. అదీ ఉంటుందో లేదో అని నేను అనుకునేలోపే ఆమె ఇంకో మాట అన్నది.

"ఇంకొక ముచ్చట. నేను కెప్టెన్ను కాదు."

"కాగితాల్లో మీ పేరే ఉందమ్మా."

"కాగితం మీద రాసిండ్రు. అసలు కెప్టెన్ ఆపా. ఆపా అంటె వాళ్ల ఉర్దూల అక్క. ఖమ్మంల టైలర్ బిడ్డ. నాకంటె మూడేండ్లు పెద్ద. క్యాంపుకు పోతె ఆడపిల్లలకు ఉండేతందుకు జాగ లేదు. నన్ను ఇరవై దినాలు వాళ్ల ఇంట్ల పెట్టుకున్నరు. ఆమె పక్కనే పండుకున్న, ఆమె పళ్లెంలనే తిన్న. ఆమె పేరు లేకుంట నా పేరొక్కటే ఏస్తె నేను సంతకం పెట్ట."

"ఆమె పోటీలకు ఎందుకు వెళ్లలేదు?"

నర్సమ్మ చేతిలోని చింతపండులోంచి ఇంకో గింజ తీసింది. "రాలే. గంతే" అన్నది.

తర్వాత ఆమెను ఒక్కసారైనా కలిశారా అని అడిగాను. లేదన్నది. చింతపండు ఎత్తుకుని లోపలికి పోయింది. కోడలు అన్నం తిని పొమ్మంటే తిని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చాం.

ఇప్పుడు నా రెండో తప్పు వినండి. మొదటిదానికంటే ఇది చెప్పడానికి కష్టంగా ఉంది. ముస్లిం ఇంటి ఆడపిల్ల, టైలర్ కూతురు, నిక్కరు వేసుకుని కబడ్డీ ఆడింది, ఊరెళ్లే వేళకు రాలేదు. బస్సు గోదావరి వంతెన దాటుతుండగానే నా బుర్రలో పాఠం తయారైపోయింది. తండ్రి కోప్పడ్డాడు, తలుపు గడియ పెట్టాడు, పెళ్లి చేసి పంపేశాడు. ఇల్లు చేరగానే రాసేశాను. ఎవరినీ అడగలేదు. జింకల విషయంలో అంత చివాట్లు తిన్నవాణ్ణి రోజు తిరక్కుండానే అదే పని మళ్లీ చేశాను.

ఆపాను వెతకడానికి నెల పడుతుందనుకున్నాం. పీఈటీ మేడం రెండు రోజుల్లో ఫోన్ చేసింది.

"సార్, నా చెప్పు తీసుకొని నన్నే కొట్టుకోవాలె. పదేండ్ల నుంచి మా బడి పిల్లల జెర్సీలు కుట్టేది ఆమెనే. కొలతలు ఇచ్చొస్తున్న, బట్టలు తెచ్చుకుంటున్న, ఒక్కదినం గూడ ఆమె ముచ్చట అడగలే."

ఖమ్మం బజారులో చిన్న దుకాణం. కొడుకు బల్ల మీద గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఆపా మిషను మీద ఉంది. అరవై దాటిన మనిషి, నిండైన చేతులు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. మేడాన్ని చూసి "రా బిడ్డా, ఎన్ని జతలు?" అన్నది. సంగతి చెప్పాక నవ్వి, సదువుండ్రి సార్ అన్నది. మిషను ఆపకుండానే వింటోంది. క్యాంపు, ఇరవై రోజులు, ఒకే పళ్లెం దాకా తల ఊపింది. "తండ్రి ఆగ్రహించి" అన్న మాట దగ్గర మిషను ఆగింది.

"మా అబ్బానా?"

నేను కాగితం కిందికి దించాను.

"మీరు మా అబ్బాను చూసిండ్రా సార్?"

"లేదమ్మా."

"నన్నైనా అడిగిండ్రా?"

"లేదు."

కొడుకు కూడా కత్తెర ఆపి నావైపు చూశాడు. ఆ దుకాణంలో ఆ నిమిషం నాకు ఎంత సిగ్గేసిందో ఇప్పటికీ గుర్తుంది. ఆమె గట్టిగా అరిచినా బాగుండేది. అరవలేదు. కుర్చీ ఇటు తిప్పుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"పన్నెండు మందికి నిక్కర్లు కుట్టిందే మా అబ్బా. పొట్టివైతె తల్లులు పంపరని మోకాళ్ల దాక కుట్టిండు. ఉరికెటప్పుడు పట్టెయ్యకుంట పక్కలకు కుచ్చులు పెట్టిండు. రోజు సైకిల్ మీద బిందెతోటి నీళ్లు తెచ్చేటోడు గ్రౌండ్‌కు. నేను పోనందుకు నాకంటె ఎక్కువ ఏడ్చింది ఆయననే. ఇగ మీరేమో తలుపు గడియ పెట్టిండని రాసిండ్రు."

"మరి ఎందుకు వెళ్లలేదమ్మా?"

"బండి ఎక్కేటందుకు మూడు దినాలున్నదనంగ ప్రాక్టీసుల పడ్డ. భుజం కాడి ఎముక ఇరిగింది. దవాఖానాల కట్టు కట్టిండ్రు."

"ఎలా పడ్డారు?"

"ఆటల పడుడే గద" అని మిషను వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది. "ఆ పిల్ల ఎట్లున్నది? ఇంత దగ్గర ఉండి ఒక్కసారి గూడ రాలే. రమ్మన్ననని చెప్పుండ్రి."

మేడం అక్కడి నుంచే ఫోన్ కలిపింది. ఆపా రమ్మంటోందని చెప్పింది. "ఆమెనే రమ్మన్నదా?" అని నర్సమ్మ గొంతు వినిపించింది. "అవ్. జల్దీ రమ్మంటున్నది" అన్నది మేడం.

మర్నాడు నర్సమ్మ మొదటి బస్సుకే బయల్దేరింది. డ్రాయింగ్ మాస్టారు, నేను బస్టాండు నుంచి ఆమెను తీసుకొచ్చాం. దుకాణం మెట్టు దగ్గర ఆగిపోయింది. లోపల మేడంతో మాట్లాడుతున్న ఆపా లేచి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"చెప్పులిప్పి రా చెల్లె. కింద కొత్త గుడ్డలున్నయ్" అన్నది ఆపా.

నర్సమ్మ లోపలికి వచ్చి కూర్చోలేదు. నిలబడే అన్నది. "ఆపా, ఆ దినం నీ కాలు పట్టి గుంజింది నేనే. నేను పట్టకుంటె నువ్వు పడకపోదువు. నీ ఎముక ఇరగ్గొట్టి నీ జాగల కెప్టెన్‌గా పోయిన. పోయి ఓడగొట్టి వచ్చిన. ఏ మొఖం పెట్టుకొని వస్తనే నీ ఇంటికి?"

అప్పుడు అర్థమైంది మా ముగ్గురికీ, ఆమె సంతకం ఎందుకు పెట్టనన్నదో.

ఆపా ఆమె చేయి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. "నీకొక ముచ్చట ఎరుక లేదు. ఎట్ల పడ్డవని మా కోచ్ అడిగిండు. కాలు జారిందని చెప్పిన. నీ పేరు చెప్తె మోటుగ ఆడుతదని నిన్ను గూడ ఇడిసిపెడుదురు. అసలే అడివి పిల్ల, ఆటలు తెల్వయ్ అనేటోళ్లు ఉండిరి. ఇగ నా జాగల ఎవరిని పెట్టాలె అని అడిగితె నీ పేరు చెప్పింది గూడ నేనే."

"నువ్వా?"

"మరెవరు? నా కాలు అంత గట్టిగ పట్టిందానివి నువ్వొక్కదానివే. నిన్ను గాక ఎవరిని పెడుదురు?"

నర్సమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఓడగొట్టిన గద ఆపా."

"సెమీస్ దాక తీస్కపోయినవ్. నేనుంటె మొదటి దినమే ఓడుదుమేమో, ఎవరికెరుక?" అని ఆపా తన భుజం తట్టుకుంది. "చూడు, నెల తిరిగేసరికి నా ఎముక అతుక్కున్నది. నీదే నలభై ఏండ్లు అతుక్కోలే."

నర్సమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆపా కొడుకు చాయ్ తెచ్చాడు. డ్రాయింగ్ మాస్టారు ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది గానీ ఒక్క గీత కూడా పడలేదు. ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఇరవై రోజుల్లో ఏ పూట ఏం కూర తిన్నారో కూడా చెప్పుకుంటున్నారు. నేను ఈసారి నోరు మూసుకుని రాసుకున్నాను. అనుమానం వచ్చిన చోట అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు దిద్దుకుంటూ చెప్పారు. సాయంత్రం నాలుగింటికి నా దగ్గర పాఠం ఉంది. ఇద్దరూ చదివించుకుని విని సంతకాలు పెట్టారు.

పాఠం అయితే ఉంది గానీ పుస్తకంలో చోటు లేదు. నాలుగు పేజీల పాఠం ఆరు పేజీలైంది. నలభై ఎనిమిది పేజీలకే ప్రెస్సుతో మాట్లాడుకున్నాం. పదహారు పేజీలు ఒక ఫారంగా అచ్చవుతాయి. రెండు పేజీలు పెరిగితే ఇంకో ఫారం వేయాలి, దానికి ప్రెస్సు వాళ్లు ఒప్పుకోరు. మిగతా పాఠాల్లో కోయడానికి మేడం ఒప్పుకోదు. ఎటు తిప్పినా తీసేయగలిగినవి రెండే పేజీలు. అవి ఫొటోతో సహా ఆఫీసరు గారి ముందుమాట.

"పోయి అడుగుదాం" అన్నది మేడం. డ్రాయింగ్ మాస్టారు కల్లూరు బస్సుకు టైమైందని జారుకున్నాడు.

ఆఫీసరు గారు రెండు పేజీల సంగతి విని, పాఠం మొత్తం చదివారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మాస్టారూ, మొదట మీరు రాసింది బాగుండె గద. గెలిచింది, అయిపోయింది. ఇదేంది, ఓడిపోయిన కథ? పిల్లలకు ఓడినోళ్ల గురించి ఎందుకు చెప్పాలె?"

జవాబు మేడం చెప్పింది.

"సార్, నేను పాతికేండ్ల నుంచి పిల్లలను పోటీలకు తీస్కపోతున్న. పోయిన పది జట్ల తొమ్మిది ఓడే వస్తయ్. గెలిస్తె ఏం చెయ్యాలో వాళ్లకు నేను చెప్పక్కర్లె. ఓడిన జట్టును బస్సుల ఇంటికి తెచ్చేటప్పుడు చెప్పేతందుకు నాకే మాట దొరకది. ఈ పాఠం చదివి ఇనిపిస్త."

ఆయన కాగితాలు సర్ది పక్కన పెట్టారు. "నా ముందుమాట ఎట్లున్నది, చదివిండ్రా?" అని నన్నడిగారు.

"బాగుంది సార్."

"నిజాలు రాసొచ్చి గిప్పుడు నా ముంగట అబద్ధాలా?" అన్నారు. నవ్వారో కసిరారో తేల్చుకోలేక ఇద్దరం బయటికి వచ్చేశాం. మూడో రోజు అటెండరు ఒక కాగితం తెచ్చిచ్చాడు. ముందుమాట నాలుగు వాక్యాలకు కుదించి, అట్ట లోపలి వైపు వేయమని రాసి ఉంది. ఫొటో వద్దని కింద ఇంకో గీత. ఆ మనిషి మీద అప్పటిదాకా నాకున్న అభిప్రాయాలు రెండు మూడు నిశ్శబ్దంగా మార్చుకున్నాను.

పుస్తకం వచ్చింది. డ్రాయింగ్ మాస్టారు జింకలను తీసేసి, కుచ్చుల నిక్కర్లలో పన్నెండు మంది ఆడపిల్లలు భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డ బొమ్మ వేశాడు. భద్రాచలం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఆవిష్కరణ పెట్టారు. ఆపా, నర్సమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. ఆపా తనతోపాటు ఆ బడి జట్టుకు పన్నెండు జతలు కుట్టి తెచ్చింది. కొలతలు నర్సమ్మ ముందే పంపిందట. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను, నా పని అయిపోయిందనుకున్నాను.

కార్యక్రమం అయ్యాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పుస్తకం తెరిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బొమ్మ మీద వేలు పెట్టింది.

"సార్, ఈమె ఆపా, ఈమె నర్సమ్మ. మిగతా పదిమంది పేర్లేంది?"

"తెలియదమ్మా."

"తెలుసుకోవచ్చు గద సార్" అన్నది. ఎదిరించి అన్నది కాదు. మామూలుగా అన్నది.

రిటైరయ్యాక జనం రకరకాల పనులు పెట్టుకుంటారు. నాకు ఆ పిల్ల ఈ పని పెట్టింది. ఆపాకు కొందరు, నర్సమ్మకు కొందరు గుర్తున్నారు. ఇంటి పేర్లు మారాయి, ఊళ్లు మారాయి. ఒకామె ఎర్రుపాలెం దగ్గర వ్యవసాయంలో ఉంది. ఇద్దరు చనిపోయారు, వాళ్ల పిల్లలు దొరికారు. ఆ పిల్లల్లో ఒకతనికి తల్లి కబడ్డీ ఆడిందని నేను చెప్పేదాకా తెలియదు. నన్ను కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. పుస్తకం మళ్లీ అచ్చు వేస్తారో లేదో తెలియదు. నేనైతే ఒక నోటుబుక్కులో రాసి పెడుతున్నాను. ఇప్పటికి ఏడుగురయ్యారు.

ఏడో ఆమె పోయిన నెలలో ముదిగొండలో దొరికింది. మిరపకాయలు ఎండబోసిన కళ్లం దగ్గర తొడిమలు తీస్తోంది. సంగతి చెబితే నవ్వేసింది.

"నా పేరెందుకు సార్? నేను ఎక్స్‌ట్రా ప్లేయర్ను. ఒక్క మ్యాచ్ గూడ లోపలికి దిగలే. బయట కూసొని చప్పట్లు కొట్టిన."

"సెమీఫైనల్ రోజు కూడానా?"

"ఆ దినం గూడ. మీరు చెప్పే నర్సమ్మ కూత తెగి ఓడినం గద. అందరు ఏడ్చుకుంట రూముకు పోయిండ్రు. ఆ పిల్ల ఒక్కతే నడిమి గీత మీద కూసున్నది, లేస్తలేదు. పోయి నేను గూడ పక్కన కూసున్న."

"ఏమన్నారు ఆమెతో?"

"ఏమంట? ఏమనలే. పొద్దుగూకే దాక కూసున్నం. ఇగ ఆకలైతున్నది పా అన్న. లేసింది."

ఆమె మళ్లీ తొడిమలు తీయడంలో పడింది. నేను కళ్లం గట్టు మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు ఎలా రాయాలో ఒక్కొక్క అక్షరం ఆమెనే అడిగి రాసుకున్నాను.